కళ్ళజోడుకి కట్టిన తీగ

మా ఆయనది పుర్రచేతివాటం. తాళం తియ్యడం దగ్గర్నుంచి మేకు కొట్టడం దాకా అన్నీ ఎడంచేత్తోనే. పెళ్ళయిన కొత్తలో అది చూసి నేను కిసుక్కున నవ్వేదాన్ని. మా అత్తగారికి మాత్రం ఒళ్ళు మండేది. "చిన్నప్పుడు వీడి ఎడంచెయ్యి గుడ్డపెట్టి నడుముకి కట్టేశానే అమ్మాయ్. ఆరేళ్ళు కొట్టాను. బళ్ళో మేష్టారూ కొట్టాడు. ఊహూఁ, కుక్కతోక వంకర పోతుందా?" అనేది, కొడుకు వినేట్టుగానే. ఆయన నవ్వి ఊరుకునేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు తీర్చడానికే దేవుడు నన్నిచ్చినట్టున్నాడు. నా నోటి సంగతి మా వీధిలో ఎవర్నడిగినా చెప్తారు.

ఆయన పనిచేసేది మిలిటరీ వాళ్ళ డ్రోన్లు బాగుచేసే షెడ్డులో. పెళ్ళిళ్ళలో ఫొటోలు తీసే బుల్లి డ్రోన్లు కాదు. వీటి రెక్కలు విప్పితే మా ఇల్లంత వెడల్పుంటాయి. ఇంజను తాలూకు మూతలు బిగించాక, ఆ అదురుకి బోల్టులు వదులు కాకుండా రెండేసి బోల్టులకి కలిపి సన్నటి స్టీలు తీగ కడతారు. తీగని మెలితిప్పి లాగి కడితే ఒక బోల్టు కదలాలన్నా రెండోది కదలనివ్వదు. మా షెడ్డులో ఆ మెలిక చేత్తోనే, మామూలు పట్టకారుతోనే తిప్పుతారు. అందరివీ కుడిచేతులు కాబట్టి అందరి మెలికలూ కుడికి వాలి ఉండేవి, మా ఆయనవి ఒక్కటే ఎడమకి వాలేవి. ఎటు వాలినా పట్టు పట్టే. ఆయన కట్టిన తీగ పద్నాలుగేళ్ళలో ఒక్కటి ఊడలేదు.

నేనూ అక్కడే, కుట్టుగదిలో. డ్రోన్లకి కప్పే కాన్వాసు గుడ్డలు, వాటిని సర్దే పెట్టెల్లో పరిచే మెత్తలు కుడతాను. నాకు దూరం చూపు ఆనదు. చెయ్యి చాచినంత దూరం దాటితే కళ్ళజోడు లేకుండా మనుషులంతా ఒకటే. పదకొండేళ్ళ కింద ఒకరోజు ఆ కళ్ళజోడు కాడ ఊడి చేతిలోకొచ్చింది. ఆయన జేబులోంచి ముక్క తీగ తీసి, నిలబడ్డచోటే కట్టి ఇచ్చాడు. ఆ తర్వాత అద్దాలు రెండుసార్లు మార్చాను గానీ కాడ కదల్లేదు. "సినిమా యాక్టరులా ఉన్నావే, కొత్తది కొనుక్కోరాదూ" అని అత్తగారు దెప్పేది. నేను కొనలేదు. నాకదంటే మురిపెం.

ఇక మా షెడ్డుకి పెద్దసారు ఒకడున్నాడు. అందరూ సారు సారు అంటారు, నేను మాత్రం తేనెసీసా అంటాను. మాట అంత తీపి. "ఏమ్మా, బావున్నావా, కళ్ళు జాగ్రత్త తల్లీ" అంటూ కుట్టుగది గుమ్మంలో నిలబడేవాడు. మంచివాడే అనుకున్నాను, నా చెప్పుతో నన్నే కొట్టుకోవాలి.

మూడేళ్ళ కిందట ఒక డ్రోను సముద్రం అవతలికి వెళ్ళింది. ఎవరికో సాయంగా మన సైన్యం ఏదో పహారా పని ఒప్పుకుందట. దాని ఇంజను మూత ఇక్కడ బిగించి, తీగ కట్టి, పుస్తకంలో సంతకం పెట్టింది మా ఆయన. పెట్టెలో మెత్తలు పరిచింది నేను. దానితోపాటు వెళ్ళింది తేనెసీసా, వాడితో ఆరుగురు. ఎనిమిదో రోజున గాల్లో ఉండగానే ఇంజను ఆగిపోయి డ్రోను సముద్రంలో పడిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అంత పెద్ద యంత్రం నీళ్ళపాలైతే పైవాళ్ళు ఊరుకుంటారా? ఎవరి వల్ల జరిగిందో తేల్చమన్నారు. చూద్దామంటే శకలం కూడా లేదు, సముద్రం అడుగున ఉంది.

విచారణ గదిలో మా ఆయన అన్నది ఒకే ఒక్క మాట. "నేను గట్టిగానే కట్టానండి." తేనెసీసా గంటసేపు మాట్లాడాడు. "మంచివాడే సార్, పాపం. కానీ ఏం చేస్తాం, పుర్రచెయ్యి. ఎంత నేర్పినా ఆ మెలికకి పట్టు నిలవదు. అక్కడ మేము చేసిందల్లా పెట్టెలోంచి తీసి రెక్కలు తగిలించి ఎగరెయ్యడమే, ఆ మూత జోలికే పోలేదు. తప్పు నాదే సార్, ఈయన్ని ముందే ఆ పనిలోంచి తప్పించాల్సింది" అన్నాడట, కళ్ళు తుడుచుకుంటూ. తడిగుడ్డతో గొంతు కొయ్యడం అంటే ఇదే. తీగ సరిగ్గా కట్టలేదని రిపోర్టు రాసి, మా ఆయన్ని ఆ పనిలోంచి తప్పించి, పనిముట్లు ఇచ్చే కిటికీ వెనక కూర్చోబెట్టారు. పొద్దున వచ్చినవాళ్ళకి పట్టకార్లు ఇవ్వడం, సాయంత్రం లెక్కచూసి లోపల పెట్టుకోవడం. తను మాత్రం ఒక్క బోల్టు ముట్టుకోకూడదు.

అంతటితో ఆగాడా? లేదు. షెడ్డులో ఉన్న డ్రోన్లన్నిటికీ మా ఆయన కట్టిన తీగలు వెతికి వెతికి కోయించాడు. మళ్ళీ కుడిచేతివాళ్ళతో కట్టించాడు. కోసిన తీగ ముక్కలతో రెండు డబ్బాలు నిండాయి. ఆ డబ్బాలు చెత్తబండి ఎక్కడం కుట్టుగది కిటికీలోంచి చూశాను. ఒరే తేనెసీసా, నీ మొహం మీద ఆ నవ్వు చచ్చిపోవడం నేను కళ్ళారా చూడకపోతే అడుగు, అనుకున్నాను. దేవుడికి దణ్ణం పెట్టినా అదే కోరిక. ఇల్లు వద్దు, వాకిలి వద్దు, వాడి మొహం మాడిపోవాలి, నేను ముందు వరసలో ఉండాలి.

ఈలోపు చేతిలో ఉన్నదేదో చేశాను. వాడి కుర్చీ మెత్తకి కొత్త గలేబు కుట్టమంటే, సరిగ్గా కూర్చునే చోట లోపల పెద్ద దారపు ముడి వదిలాను. ఏడాదిపాటు మీటింగుల్లో అటూ ఇటూ మెసులుతూనే ఉన్నాడట. అది విన్న పూట అన్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. నవ్వుకోండి, నాకేం సిగ్గులేదు.

మా ఆయన మాత్రం వేళకి పోయి ఆ కిటికీ వెనక కూర్చుని వచ్చేవాడు. ఆర్నెల్లు గడిచాక ఒక ఆదివారం వంటింటి తలుపు బందు బిగిస్తుంటే చూశాను. స్క్రూడ్రైవరు కుడిచేతిలో ఉంది. అది జారి జారి పోతోంది.

"చెయ్యి నొప్పా?" అన్నాను.

"నొప్పేం లేదు. అలవాటు చేసుకుంటున్నా."

"దేనికండీ ఇప్పుడు?"

"ఇదే సరైంది కదా మరి" అన్నాడు. మామూలుగా, వాన పడేలా ఉంది అన్నట్టు అన్నాడు.

అత్తగారు వంకాయలు తరుగుతోంది. కత్తిపీట మీంచి చెయ్యి తీసేసింది. "ఆరేళ్ళు కొట్టి నేను మార్చలేనిది, ఆ దొంగవెధవ ఒక్క కాగితంతో మార్చేశాడు చూశావుటే" అంది. పెళ్ళయ్యాక మొదటిసారి అత్తా నేనూ ఒక పార్టీ అయ్యాం.

రెండున్నరేళ్ళు గడిచాయి. మొన్నొక మధ్యాహ్నం టీవీలో వార్తలు వస్తున్నాయి. సముద్రం అవతల ఎక్కడో చేపలవాళ్ళ వలకి పెద్ద లోహపు శకలం తగిలిందట. ఒడ్డుకి లాగి గట్టుమీద పెట్టి అందరికీ చూపిస్తున్నారు. నాచు, ఉప్పు, విరిగిన రెక్క మీద సగం చెరిగిన మా షెడ్డు నంబరు. కెమెరా ఇంజను దగ్గరికి పోయింది. నేను గరిటె పట్టుకునే లేచి నిలబడ్డాను. మూత సగం వదులై పక్కకి జరిగి ఉంది. బోల్టుల మధ్య తీగ మాత్రం అలాగే ఉంది. స్టీలు తీగ కదా, తుప్పెక్కడిది!

ఆ వార్తే ఫోనులో మళ్ళీ వెతికి, ఆపి, పెద్దది చేసి చూశాను. మెలిక కుడికి వాలి ఉంది. తీగ కొసని ఒకదాని మీద ఒకటి రెండు మడతలు పెట్టి ఉంది. షెడ్డులో అందరూ ఒక మడతతోనే సరిపెట్టేస్తారు. రెండు మడతలు పెట్టేది ఒకే ఒక్క మనిషి, తేనెసీసా. కొత్తవాళ్ళకి నేర్పడానికి వాడు కట్టిన నమూనా, పనిముట్ల కిటికీ ఎదురుగానే గాజుపెట్టెలో పెట్టి ఉంది. రోజూ దాని పక్కనుంచే నడుస్తాను నేను. అంటే మా ఆయన కట్టిన తీగని అక్కడ ఎవరో కోశారు, మూత తెరిచారు, మళ్ళీ బిగించి తమ చేత్తో తీగ కట్టారు. ముట్టుకోలేదన్న మూత! దొంగ దొరికాడు. 

ఆయనకి చూపించాను. చాలాసేపు చూశాడు. "తీగమీద పేరుంటుందా? వదిలెయ్యి" అన్నాడు. వదలడానికి నేను పట్టుకున్నది ఆవు తోకా, పులి తోక! ఈయనతో లాభం లేదని నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకున్నానంటే భయపడాలి, మా ఇంట్లో అందరికీ తెలుసు.

పైవాళ్ళకి కాగితం రాద్దామంటే ఏ కాగితమైనా తేనెసీసా బల్లమీదుగానే పోవాలి. వాడి రిటైర్మెంటు ఇంకా పంతొమ్మిది రోజులే. గేటు దాటాడంటే ఆ ఫైలు మూసేస్తారు, మా ఆయన పేరు మీద ఆ మచ్చ అలాగే ఉండిపోతుంది. అప్పుడు గుర్తొచ్చింది బోర్డు.

మా షెడ్డులో ఒక అలవాటుంది. రిటైరయ్యేవాళ్ళు చివరిరోజున అందరి ముందూ గోడమీది చెక్కబోర్డుకున్న బోల్టుల వరసలో రెండింటికి తీగ కట్టి పోవాలి. కింద వాళ్ళ పేరు రాస్తారు. ఆ బోర్డుకి కొత్త తెర కుట్టమని తేనెసీసాయే నాకు కబురు పంపాడు. "మంచి మెరుపు గుడ్డ చూడు తల్లీ" అన్నాడు. చూశాను. తెరని రెండు భాగాలుగా కుట్టాను. కుడి భాగం తీస్తే బోల్టులు కనిపిస్తాయి. ఎడమ భాగం వెనక, ఫోనులో ఆపి చూసిన ఆ తీగని తలుపంత ఫొటో చేయించి గుండుసూదులతో గుచ్చాను. ఓర్చినమ్మకు తేటనీరు అంటారు. మూడేళ్ళు ఓర్చాను.

ఆ రోజు నాలుగింటికి అందరూ షెడ్డులోకి చేరారు. ఆరు నెలల కింద వచ్చిన కొత్త కమాండరు గారు ముందు కుర్చీలో కూర్చున్నారు. ఆవిడ తక్కువ మాట్లాడే మనిషి. మా ఆయన తన కిటికీలోంచే చూస్తున్నాడు. నేను తెర తాళ్ళు రెండూ పట్టుకుని బోర్డు పక్కన. తేనెసీసా ఉపన్యాసం దంచాడు. "ఈ షెడ్డే నా ఇల్లు, మీరంతా నా పిల్లలు."  తర్వాత నేను మొదటి తాడు లాగితే, చొక్కా చేతులు మడిచి తీగ కట్టాడు. నిజం చెప్పాలి, చెయ్యి తిరిగిన పనే. కుడికి వాలిన మెలిక, కొస మీద మడత, ఆ మడత మీద ఇంకో మడత. చప్పట్లు మోగాయి.

నేను రెండో తాడు లాగాను.

చప్పట్లు ఒక్కొక్కటే ఆగాయి. "ఏమిటిది?" అన్నారు కమాండరు గారు.

"మూడేళ్ళ కింద పోయిన డ్రోనండి. ఈమధ్య వలలో దొరికింది. దాని తీగ చూడండి, ఇప్పుడు సారు కట్టిన తీగ చూడండి. మా ఆయనది పుర్రచెయ్యి. ఆయన కడితే మెలిక ఎడమకి వాలుతుంది. ఆ మూత ముట్టుకోనే లేదని సారు విచారణలో చెప్పారు" అన్నాను. 

కమాండరు గారు లేచి రెండూ దగ్గరగా చూశారు. "మీ ఆయన్ని పిలవండి. ఈ పక్క బోల్టులకి ఆయన్నే కట్టమందాం" అన్నారు.  నేను అడగబోయేదీ అదే.

ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. పట్టకారు ఇచ్చారు. ఆయన దాన్ని కుడిచేత్తో అందుకున్నాడు.

"ఏవండీ, ఎడంచెయ్యి!" అని అరిచాను.

"మీరు మాట్లాడకండి" అన్నారు కమాండరు గారు.

ఆయన తల వంచుకుని కట్టాడు. మెల్లగా, జాగ్రత్తగా, కుడికి తిప్పి కట్టాడు. చివర మడత పెట్టాడు. ఆ మడత మీద ఇంకో మడత పెట్టాడు. మూడేళ్ళు ఆ కిటికీ వెనక కూర్చుని ఎదురుగా గాజుపెట్టెలో చూసింది అదే మరి. తప్పులేని తీగంటే అదేనని నమ్మేశాడు. ఎప్పుడు నేర్చుకున్నాడో, ఏ మూల కూర్చుని నేర్చుకున్నాడో నాకే తెలీదు. 

తేనెసీసా నవ్వాడు. "చూశారా మేడమ్? ఫొటోలోది ఇతని తీగే. నేను నేర్పిన పనే కదా, నా మడతే వస్తుంది. పాపం, ఆవిడ బాధ అర్థం చేసుకోగలను." నావైపు తిరిగి, "కోపం మనిషిని తినేస్తుందమ్మా" అన్నాడు.

నన్ను తినేస్తుందో వాణ్ణి తినేస్తుందో చూద్దాం అనుకున్నాను గానీ చేతిలో ఏముంది? చెమటకి కళ్ళజోడు ముక్కు కొసకి జారింది. పైకి తోసుకోబోతే వేలికి కాడ దగ్గర గరుగ్గా తగిలింది.

కళ్ళజోడు తీసి కమాండరు గారి చేతిలో పెట్టాను. "మేడమ్, పదకొండేళ్ళ కింద మా ఆయన కట్టిన తీగ ఇది. ఈయన కట్టినవన్నీ రెండు డబ్బాలకెత్తి పారబోయించారు సారు. మిగిలింది ఇదొక్కటే. ఇది ఎటు వాలిందో చూడండి."

ఆ తర్వాత జరిగిందంతా నేను విన్నదే, చూసింది కాదు.

 "ఎడమకి. ఒక్క మడత" అన్నారు కమాండరు గారు. "ఈయన ఎడంచేత్తో కట్టేవాడని ఇక్కడ ఎవరికీ తెలీదా?" ఎవరో దగ్గారు. ఒక బూడిదరంగు ఆకారం లేచి నిలబడింది. గొంతు పట్టి బట్టతల మెకానిక్ అని పోల్చుకున్నాను. తేనెసీసాతో వెళ్ళిన ఆరుగురిలో ఒకడు. "అందరికీ తెలుసు మేడమ్. ఆరోజు అక్కడ మూత తెరిచింది సారే. లోపలి ఫిల్టరు మార్చారు. మూత తెరిస్తే గంటసేపు ఇంజను నడిపి మూత వదులవలేదని చూసుకోవాలి, పుస్తకంలో రాయాలి. టైము లేదని రెండూ చెయ్యలేదు. నేను పక్కన టార్చి పట్టుకున్నాను" అన్నాడు. మూడేళ్ళు రోజూ పొద్దున్నే మా ఆయన కిటికీ దగ్గరికొచ్చి పట్టకారు తీసుకుపోయిన మనిషి! వాడి సంగతి తర్వాత చూసుకుంటాను.

ఎదురుగా తేనెసీసా ఉన్నాడు. నాకు తెల్లటి చొక్కా, దానిమీద గోధుమరంగు మరక. అది మొహం. కళ్ళు చిట్లించాను. రెండడుగులు ముందుకేశాను. మరక మరకగానే ఉంది. "అది... అప్పుడు పరిస్థితి..." అన్న గొంతులో తీపి లేదు. కుర్చీ కీచుమంది. చుట్టూ వందమంది ఊపిరి బిగపట్టి చూస్తున్నారు, క్యాంటీనులో గిన్నెలు తోమే ఆవిడతో సహా. చూడనిదాన్ని నేనొక్కదాన్నే. "మేడమ్, నా కళ్ళజోడు ఒక్కసారి ఇవ్వండి" అన్నాను. "ఇప్పుడు ఇవ్వలేనమ్మా, సాక్ష్యం" అని కవరులో పెట్టి అతికించేశారు. నా కర్మ కాకపోతే!

వాడి రిటైర్మెంటు ఆపారు. ఫైలు మళ్ళీ తెరిచారు. సోమవారం నుంచి మా ఆయన్ని పాత పనిలోకి రమ్మన్నారు. నాకు దారి కనపడదు కాబట్టి ఆయన చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచాను.

"ఎలా పెట్టాడు మొహం? చెప్పండి" అన్నాను.

"నేను చూళ్ళేదే."

"మీరూ చూళ్ళేదా! మరి దేన్ని చూస్తున్నారు అంతసేపూ?"

"నీ కళ్ళజోడు. ఆవిడ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది కదా. బాగా కట్టాడు ఎవడో అనిపించింది."

ఇంటి గుమ్మంలోనే అత్తగారు పట్టుకుంది. "మాడిందా వాడి మొహం? ఎలా మాడిందో చెప్పవే!" పాపం, ఆవిడ కూడా మూడేళ్ళు కాచుకుంది. కూర్చోబెట్టి చెప్పాను. చెవులదాకా ఎర్రబడిందనీ, పెదవి ఒక పక్కకి లాక్కుపోయిందనీ, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడనీ, చూడని మొహాన్ని పూసగుచ్చినట్టు చెప్పాను. ఆవిడ తొడ చరిచి నవ్వింది.

బల్ల దగ్గర మా ఆయన ముక్క తీగ ముందేసుకుని కూర్చున్నాడు. అంత దగ్గరిది నాకు బాగానే కనిపిస్తుంది. పట్టకారు ఎడంచేతిలో ఉంది. తిప్పాడు, తీగ జారిపోయింది. మళ్ళీ తిప్పాడు, మెలిక సగంలో విప్పుకుంది. చేతిని గాల్లోకెత్తి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు, ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టు. మూడోసారీ రాలేదు.

"ఆ, తర్వాతేమైందే?" అంది అత్తగారు.

పగ తీరిందనే అనుకున్నాను అప్పటిదాకా. ఎక్కడ తీరింది!